331 దాకా ఓపిక పట్టాలి

విజయవాడ వన్‌టౌన్‌లో, వస్త్రలత దగ్గర ఒక హోల్‌సేల్ బట్టల షాపులో లెక్కలు రాసే ఉద్యోగం నాది. ఇరవై ఏళ్లు దాటింది. ఏ ఊరికి ఎన్ని బేళ్లు వెళ్లాయో, ఎవరి బాకీ ఎంత నిలిచిందో నన్నడిగితే పుస్తకం తీయకుండా చెబుతాను. ఇన్నేళ్లలో నా చేత్తో అన్నిటికంటే ఎక్కువసార్లు రాసిన సంఖ్య మాత్రం ఏ బిల్లు మొత్తమూ కాదు. 520001. మా పిన్‌కోడు. ఇన్‌వాయిస్ మీద, కవరు మీద, లారీ ఆఫీసుకు పోయే ప్రతి బేలు మీద నల్ల మార్కరుతో రాస్తూనే ఉన్నాను.

దాన్ని సంఖ్యగా చూసింది మాత్రం పోయిన వేసవిలోనే. ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. ఇన్వర్టరు ఫ్యాన్లకే సరిపోతోంది, కంప్యూటరు లేదు, బేరాలూ లేవు. పాడైపోయిన బిల్లు కాగితం ఒకటి తిరగేసి 520001 అని రాశాను. దీన్ని ఏ సంఖ్య భాగిస్తుంది? ఎందుకు అడిగానో నాకే తెలియదు, చెయ్యి ఖాళీగా ఉంది, అంతే.

చివర ఒకటి ఉంది కాబట్టి 2 కాదు, 5 కాదు. అంకెలు కలిపితే 8, కాబట్టి 3 కాదు. 7తో భాగిస్తే 6 మిగిలింది. 11కి ఒకటి విడిచి ఒకటి కలిపి చూసే పద్ధతి ఆరో తరగతిలో నేర్చుకున్నదే: అటు 5, ఇటు 3, తేడా 2, అదీ కాదు. 13 దగ్గర కాస్త ఆశ పుట్టింది. పదమూడు నలభై వేలు సరిగ్గా అయిదు లక్షల ఇరవై వేలు. కానీ మన సంఖ్యలో ఇంకొకటి ఉంది. ఆ ఒక్కటీ మిగిలిపోయింది.

6, 8, 9, 10 లాంటివి చూడక్కర్లేదు. 6కి పోయే సంఖ్యయితే 2 దగ్గరే పోయేది. ప్రధాన సంఖ్యలతో చూస్తే చాలు. అదీ 721 దాకానే, ఎందుకంటే 722ని 722తో గుణిస్తే 521284 వస్తుంది, మన సంఖ్యను దాటిపోతుంది. రెండు కారణాంకాలు ఉంటే వాటిలో చిన్నది 721 లోపే ఉండి తీరాలి. 721 లోపు ప్రధాన సంఖ్యలు 128. అంటే అన్నిటికంటే చెడ్డ పరిస్థితిలో 128 భాగహారాలు. చేద్దాం అనుకున్నాను.

29 దగ్గర 2 మిగిలింది. 37 దగ్గర 3. 43 దగ్గర మళ్లీ 2. ఇంత దగ్గరకు వచ్చి తప్పిపోతుంటే మనసు ఊరుకోదు. వంద దాటాను. 139 దగ్గర మళ్లీ 2! రెండొందలు దాటాక ఇక ఇది ప్రధాన సంఖ్యే అని లోపల ఒక గొంతు చెప్పడం మొదలుపెట్టింది. కాగితం నిండింది, ఇంకోటి తీశాను. 311 దగ్గర 9 మిగిలింది. 313, 317 కాలేదు. తర్వాతది 331.

520లో 331 ఒకసారి, 189 మిగిలింది. సున్నా దించితే 1890, అయిదుసార్లు, 235 మిగిలింది. సున్నా దించితే 2350, ఏడుసార్లు, 33 మిగిలింది. చివరి ఒకటిని దించాను. 331. పైన కూర్చున్న సంఖ్యే కిందకు దిగి వచ్చింది. ఒకసారి. శేషం సున్నా.

520001 = 331 × 1571. ఆ 1571ని కూడా విడగొట్టి చూద్దామంటే కుదరలేదు, అదీ ప్రధాన సంఖ్యే. ఇరవై ఏళ్లుగా బేళ్ల మీద రాస్తున్న సంఖ్య లోపల ఉన్నవి ఈ రెండే ముక్కలు. 66 సంఖ్యలు కాదన్నాక 67వది అవునంది. కరెంటు ఎప్పుడు వచ్చిందో నేను గమనించలేదు. షావుకారు గారు వచ్చి కంప్యూటరు వేయమంటే అప్పుడు లేచాను.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ రోజు నుంచి నాకొక అభిప్రాయం గట్టిగా పట్టుకుంది. లెక్కలు నేర్చుకునే ప్రతి పిల్లా పిల్లాడూ ఒక్క పెద్ద సంఖ్యతోనైనా, జవాబు ఎక్కడుందో తెలియకుండా, అసలు ఉందో లేదో కూడా తెలియకుండా, చేత్తో, ఒక పూటంతా కూర్చోవాలి. లెక్కల కోచింగుకు రాష్ట్రమంతటి నుంచి పిల్లలు వచ్చే మన విజయవాడలో ఆ ఒక్క పనికే చోటు లేదు. ఇది పెద్ద లోటు అని నా నమ్మకం.

సంఖ్యలంటే మన ఊళ్లో ప్రేమ తక్కువేమీ కాదు. బండి కొంటే ఫ్యాన్సీ నంబరు కావాలి. దానికి వేలం పాడి, బండి ధరలో చెప్పుకోదగ్గంత పోసేవాళ్లను చూశాను. ఫోన్ నంబరు తీసుకునేటప్పుడు అంకెలన్నీ కూడి తొమ్మిది వస్తే సంబరం. ఆ ప్రేమను నేను తప్పుపట్టను. అది అంకెలు కూడటం దగ్గరే ఆగిపోవడం నన్ను బాధపెడుతుంది. అంకెల మొత్తం నిజంగా చెప్పేది ఒక్కటే: ఆ సంఖ్యను తొమ్మిదితో భాగిస్తే ఎంత మిగులుతుందో. అదేమీ చిన్న విషయం కాదు. నా ఉద్యోగంలో రోజూ అన్నం పెట్టే విషయం. చిఠాకీ లెడ్జరుకీ మధ్య 450 తేడా వచ్చిందనుకోండి. 450 తొమ్మిదికి పోతుంది. అంటే ఎక్కడో రెండు అంకెలు తారుమారయ్యాయేమో అని ముందు అనుమానిస్తాం. వెతికితే 4,720 బదులు 4,270 అని వేసి ఉంటుంది. పక్కపక్క అంకెలు తారుమారైతే తేడా ఎప్పుడూ తొమ్మిదికి పోవాల్సిందే. పాత గుమస్తాలు నాకు మొదటి నెలలోనే నేర్పిన కిటుకు ఇది. తొమ్మిదికి ఇంత శక్తి ఉంది. అదృష్టం తెచ్చే శక్తి ఒక్కటే దానికి లేదు.

పిన్‌కోడు సంగతికి వస్తాను. 1972 ఆగస్టు 15న మొదలైన ఈ ఆరంకెల పద్ధతిలో 5 మన ప్రాంతాన్ని చెబుతుంది, మొదటి మూడూ కలిసి ఉత్తరాలు వేరుచేసే సార్టింగ్ జిల్లాను, చివరి మూడూ పోస్టాఫీసును. ఇచ్చినవాళ్లు గుణకారాల కోసం ఇవ్వలేదు. ఉత్తరం చేరడానికి ఇచ్చారు. అయినా సంఖ్య అన్నాక దాని స్వభావం దానికుంటుంది, మనం దాన్ని దేనికి వాడుకున్నా సరే. 520000 చూడండి: ఆరు రెండ్లు, నాలుగు అయిదులు, ఒక పదమూడు గుణిస్తే వచ్చేది. ముట్టుకుంటే పదకొండు ముక్కలు. దానికి ఒక్కటంటే ఒక్కటి కలపగానే ఆ ముక్కలన్నీ మాయమై, మొండిగా రెండే మిగిలాయి. కూడికకీ గుణకారానికీ ఒకదాని సంగతి ఒకదానికి పట్టదనిపిస్తుంది. గణితంలో ఇప్పటికీ తేలని చాలా ప్రశ్నలు ఈ ఒక్క చోటే పుట్టాయి.

తర్వాతి రోజుల్లో ఊరుకోబుద్ధి కాక 520001 నుంచి 520015 దాకా అన్నీ చూశాను. సరిసంఖ్యలు, అయిదుతో అంతమయ్యేవి ఎలాగూ పోతాయి. 520003 పదకొండుకి పోయింది. 520007 ఇరవైమూడుకి. 520009 ఏడుకి. 520011 మూడుకి. 520013 పదమూడుకి. ఆ పదిహేనింటిలో ఒక్క ప్రధాన సంఖ్య లేదు. వింతేమీ కాదు, అయిదు లక్షల దగ్గర సగటున పదమూడు సంఖ్యలకు ఒకటి మాత్రమే ప్రధాన సంఖ్య. పదిహేను వరసగా ఖాళీగా పోవడం మామూలే. మిగతావన్నీ ఒకటి రెండు నిమిషాల్లో లొంగిపోయాయి. 331 దాకా సతాయించింది మా వన్‌టౌన్ ఒక్కటే.

నేను ఉండేది గుంటూరు కొత్తపేటలో. రోజూ రైల్లో వచ్చి పోతాను. కాబట్టి 522001 సంగతి రైల్లోనే తేలింది. ఇంకా మంగళగిరి రాలేదు, 109 దగ్గర దొరికింది: 109 × 4789. అది కూడా రెండే ముక్కలు, రెండూ ప్రధాన సంఖ్యలే. ఇల్లూ షాపూ రెండూ అలా రెండేసి ముక్కలే అయినందుకు ఆ సాయంత్రం ఎంత సంతోషపడ్డానో మాటల్లో చెప్పలేను. పక్క సీటాయన ఏం రాస్తున్నారని అడిగితే చూపించాను. ఆయన ఫోను తీసి 109 ఇంటూ 4789 కొట్టి, అవునండీ అన్నాడు.

ఆయన చేసింది రెండు సెకన్ల పని. నేను చేసింది ఇరవై తొమ్మిది ప్రధాన సంఖ్యల పని. నా వాదనకు ప్రాణం ఈ తేడాలోనే ఉంది. 331ని 1571తో గుణించడం ఎవరికైనా నిమిషం. 520001 ఇచ్చి ఆ రెండూ ఏవో చెప్పమంటే ఒక మధ్యాహ్నం. సంఖ్యకు ఆరంకెల బదులు అరవై ఉంటే? ఆరొందలుంటే? గుణించడం కంప్యూటరుకు అప్పుడూ ఆటే. ఆరొందల అంకెలదాన్ని ఇలా రెండు పెద్ద ముక్కలుగా విడగొట్టడం మాత్రం ఇప్పటికీ ఎవరి వల్లా కాదు. 1977లో రివెస్ట్, షమీర్, ఆడిల్‌మన్ అనే ముగ్గురు ఈ తేడానే తాళంగా మార్చారు. ఆర్ఎస్ఏ అంటారు. మన బ్యాంకులను, వెబ్‌సైట్లను కాపాడే తాళాల్లో అదొక ముఖ్యమైన రకం. అందులో మామూలుగా వాడే సంఖ్యకు 617 అంకెలుంటాయి. అదే ఏడాది వాళ్లు 129 అంకెల సంఖ్య ఒకటి ఇచ్చి, చేతనైతే విడగొట్టమన్నారు. పదిహేడేళ్లు పట్టింది. 1994లో ఇంటర్నెట్‌లో కలిసిన సుమారు 600 మంది తమ కంప్యూటర్లన్నీ పెట్టి సాధించారు. 250 అంకెలదాన్ని 2020లో విడగొట్టారు. 617కి ఇంకా చాలా దూరం.

మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ. ఈ తాళం గురించి తనకు తెలుసు, ఎక్కడో చదివింది. ఎందుకు కష్టమో చెప్పమంటే, పెద్ద సంఖ్య కాబట్టి అంది. అది జవాబు కాదు. గుణించేదీ పెద్ద సంఖ్యే, అది కష్టం కావడం లేదుగా. 66 సార్లు విఫలమైన చేతికి మాత్రమే తెలిసే సంగతి అది. ఏ దారీ మీకు దగ్గరయ్యారని చెప్పదు. 29 దగ్గర 2 మిగిలిందంటే జవాబు దగ్గరలో ఉందని కాదు. 317 దాకా వచ్చినా ఎంత దూరం వచ్చారో తెలియదు, తర్వాతి మెట్టే చివరిదని తెలియదు. చీకట్లో తడుముకోవడం అంటారే, అదే. ఈ సంగతి పుస్తకంలో ఒక వాక్యం. చేతికొస్తే అనుభవం.

బళ్లో నేర్పే వర్గాల తేడా సూత్రం కూడా ప్రయత్నించాను. 951 వర్గంలోంచి 620 వర్గం తీసేస్తే సరిగ్గా 520001. 951లోంచి 620 తీస్తే 331, కలిపితే 1571. ఇది చూసి చాలా ముచ్చటపడ్డాను. కానీ జవాబు తెలిశాక కదా ఇది కనిపించింది. ఆ దారినే మొదట పట్టుకుని ఉంటే 722 నుంచి 951 దాకా 230 సార్లు చూడాల్సి వచ్చేది. సూత్రం అందంగా ఉన్నంత మాత్రాన పని తొందరగా అవుతుందని లేదు. ఇది కూడా ఎవరూ చెప్పరు, చేస్తే తెలుస్తుంది.

ఈ విషయంలో నాకు ఆదర్శం ఫ్రాంక్ నెల్సన్ కోల్ అనే అమెరికా గణితజ్ఞుడు. 67 రెండ్లను వరసగా గుణించుకుంటూ పోయి, ఒకటి తీసేస్తే ఒక సంఖ్య వస్తుంది: 147573952589676412927. అది ప్రధాన సంఖ్య అని 1644లో మెర్సెన్ అనే ఫ్రెంచి పండితుడు అన్నాడు. కాదని 1876లో లూకా అనే ఫ్రెంచి ఆయన నిరూపించాడు. కానీ ఏ రెండు సంఖ్యలు గుణిస్తే అది వస్తుందో లూకాకు తెలియదు! విడిపోతుందని ఖాయంగా తెలుసు, ఎలా విడిపోతుందో తెలియదు. మొదటిసారి చదివినప్పుడు అదెలా సాధ్యమని చాలాసేపు ఆలోచించాను. మన దగ్గరే, 2002లో, కాన్పూర్ ఐఐటీలో మణీంద్ర అగర్వాల్, ఆయన విద్యార్థులు నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా ఏ సంఖ్యనైనా ప్రధానమా కాదా అని, కారణాంకాలు వెతక్కుండానే, సమంజసమైన కాలంలో కచ్చితంగా తేల్చే పద్ధతి కనిపెట్టారు. ఉందో లేదో చెప్పగలం. ఏదో చెప్పడమే కష్టం.

కోల్ 1903 అక్టోబరులో న్యూయార్క్‌లో గణితజ్ఞుల సభలో లేచి, బోర్డు మీద ఒక పక్క ఆ పెద్ద సంఖ్య వేసి, ఇంకో పక్క 193707721ని 761838257287తో గుణించి, రెండూ ఒకటేనని చూపించి, ఒక్క మాట మాట్లాడకుండా వెళ్లి కూర్చున్నాడని చెప్పుకుంటారు. సభంతా లేచి చప్పట్లు కొట్టిందట. ఎంత కాలం పట్టిందని అడిగితే, మూడేళ్ల ఆదివారాలు అన్నాడట.

మా అమ్మాయికి ఆదివారం లేదు. పోరంకి వైపు ఒక కాలేజీ హాస్టల్లో ఉంటుంది. ఆదివారం పొద్దున వీకెండ్ టెస్టు, మధ్యాహ్నం దాని మీద డిస్కషన్, సాయంత్రం పది నిమిషాలు ఇంటికి ఫోను. కాలేజీని తిట్టడానికి ఇది రాయడం లేదు. చేర్పించింది నేనే, ఫీజు కట్టేదీ నేనే, మంచి ర్యాంకు రావాలని కనకదుర్గమ్మకు మొక్కుకున్నదీ నేనే. ఎంట్రన్స్‌లో మూడు గంటలకు 160 ప్రశ్నలు. ప్రశ్నకు ఒక నిమిషం ఏడున్నర సెకన్లు. ఆ వేగం లేకపోతే సీటు రాదు, సీటు రాకపోతే మాలాంటి ఇళ్లలో పిల్లల దారి మారిపోతుంది. ఆ టెన్షన్ నాకు తెలుసు. లెక్చరర్లు కిటుకులు నేర్పడం తప్పని ఎలా అంటాను?

కానీ ఒక్కటి అడుగుతాను. రెండేళ్లలో వేల ప్రశ్నలు చేయిస్తున్నారు. వాటన్నిటికీ జవాబు ఉందని, నాలుగు ఆప్షన్లలో ఒకటని, నిమిషంలో దొరుకుతుందని పిల్లలకు ముందే తెలుసు. నిమిషంలో దొరకలేదంటే వదిలేసి ముందుకు పోవాలని నేర్పుతున్నాం. పరీక్షలో అది తెలివి. పరీక్ష బయట? దొరకని జవాబు దగ్గర ఓపిగ్గా కూర్చోవడం ఒక్కసారి కూడా చేయని పిల్ల రేపు ఇంజనీరైనా, డాక్టరైనా, నాలా పద్దులు రాసుకున్నా, లెక్క కలవని రోజున ఏం చేస్తుంది? రెండేళ్లలో నాలుగు ఆదివారాలు ఇమ్మంటున్నాను. వాళ్ల ఊరి పిన్‌కోడు ఇవ్వండి, వాళ్ల నాన్న బండి నంబరు ఇవ్వండి, కాలిక్యులేటరు తీసేయండి. ఖర్చు ఒక పెన్ను, నాలుగు కాగితాలు.

ఇది మనకు అలవాటు లేని సరదా అనేవాళ్లకు కూడా ఒక మాట. తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు గణితసారసంగ్రహంలో, ఎటు నుంచి చదివినా ఒకేలా ఉండే లబ్ధాలను హారాలుగా పేర్చి చూపించాడు. 142857143ని 7తో గుణిస్తే 1000000001. రెండు చివర్లా ఒకట్లు, మధ్యలో సున్నాల ముత్యాలు. 139ని 109తో గుణిస్తే 15151. ఈ 109 మా గుంటూరును విడగొట్టిన 109యే! ఆ గ్రంథాన్ని పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మన భాషలో కావ్యాలు వచ్చిన తొలి రోజుల్లోనే లెక్కలూ వచ్చాయి. సంఖ్యను నగలా చూసే చూపు మనకు కొత్తది కాదు.

దసరా సెలవులకు అమ్మాయి వచ్చినప్పుడు బిల్లు కాగితాలు చూపించాను. ఆసక్తిగానే చూసింది. చివరికి, "ఇది ఎగ్జామ్‌లో రాదు కదా నాన్నా?" అంది. రాదన్నాను. కాగితాలు మడిచి నాకిచ్చేసింది. నేనూ ఇంకేం అనలేదు.

వెళ్లిన నాలుగైదు వారాలకు, ఒక ఆదివారం ఫోనులో, టెస్టు ఎలా రాశావని అడగబోతుంటే తనే అంది. "నాన్నా, మా పోరంకి పిన్ 521137. నీ వన్‌టౌన్‌లా కాదు. దేనికీ లొంగలేదు."

"ఎంత దాకా చూశావమ్మా?"

"మొత్తం. ముందు జల్లెడ పట్టి 721 దాకా ప్రధాన సంఖ్యలు రాసుకున్నాను. తర్వాత రోజూ పడుకునే ముందు కొన్ని. 47కి ఒకటే మిగిలింది, అయిపోయిందనుకున్నా. 641 దగ్గర 4 మిగిలింది. చివరిది 719."

నాకు దొరికింది కాబట్టి నేను 67 దగ్గర ఆగాను. తనకు దొరకలేదు కాబట్టి 128 చేయాల్సి వచ్చింది. లేదని చెప్పాలంటే ఆఖరి దాకా వెళ్లాలి.

"719కి ఎంత మిగిలింది?"

"581."

పక్కనున్న కాగితం లాక్కుని 719ని 724తో గుణించాను. 520556. దానికి 581 కలిపాను. అవతల లైన్లో వెనక నిలబడ్డ అమ్మాయి తొందరపెడుతోంది, "ఆగవే, మా నాన్న చెక్ చేస్తున్నాడు" అంటోంది మా అమ్మాయి.